జలపాతానికి బారసాల

పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల చేతుల్లో నలిగే జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఈ రెండు ప్రశ్నలూ తరచు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన జలపాతం ఏది? ఏంజెల్ జలపాతం, వెనెజులా. దాన్ని కనుగొన్నదెవరు? జిమ్మీ ఏంజెల్, అమెరికన్ పైలట్, 1933. హైదరాబాద్ అశోక్‌నగర్ అద్దె గదిలో కూర్చుని దీన్ని బట్టీ పట్టినవాడికి ఒక మార్కు ఖాయం. కాకపోతే ఆ మార్కుకు చిన్న షరతుంది. వేయి గజాల పైనుంచి అన్ని నీళ్లు దూకుతుంటే, ఆ కొండ చుట్టూ తరతరాలుగా కాపురముంటున్న పెమోన్ జనం 1933 నవంబరు దాకా ఆ సంగతి గమనించలేదని అభ్యర్థి ఒప్పుకోవాలి.

ఒప్పుకోవడానికి ఇబ్బందేం లేదు. భూగోళ శాస్త్రం చాలాకాలం ఇలాంటి బారసాలలే చేసుకుంటూ వచ్చింది. బిడ్డ ఎవరిదో, ఎన్నాళ్లుగా పాకుతోందో, ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతోందో అక్కర్లేదు. వీధిలో పోతూ పోతూ కిటికీలోంచి తొంగిచూసిన పెద్దమనిషి పేరే బిడ్డకు ఖాయమవుతుంది. తాంబూలమూ ఆయనకే. ఇంట్లోవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాయరు.

ముందు ఆ బిడ్డ సంగతి. వెనెజులా ఆగ్నేయ మూలన, బ్రెజిల్, గయానా సరిహద్దుల వైపు, అడవుల్లోంచీ గడ్డిమైదానాల్లోంచీ నిట్టనిలువుగా లేచిన బల్లపరుపు కొండలున్నాయి. వాటిని తెపూయిలంటారు. నూటఅరవై కోట్ల ఏళ్లు పైబడిన ఇసుకరాయి. వాటిలో ఆవుయాన్ తెపూయి అనే కొండ నెత్తిమీద చదును దాదాపు 700 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ మహానగరపాలక సంస్థ చాలాకాలం ఏలిన 650 చదరపు కిలోమీటర్లను ఆ కొండ మీద పరిచినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది. అంత చదును మీద కురిసిన వాన రాతి పగుళ్లలో జారి, అంచు దాకా వచ్చి, అక్కణ్నుంచి దూకుతుంది. ఒక్క ఊపున పడేది 807 మీటర్లు. కింద రాళ్ల మీద దొర్లేది కూడా కలిపితే 979. తలకోన జలపాతం 270 అడుగులంటారు. పది తలకోనలను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడితే ఆ మొదటి దూకుడు ఎత్తు వస్తుంది. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు పైన బయల్దేరిన ధార కిందికి చేరేలోపే తుంపరై గాల్లో కలిసిపోతుంది.

ఎత్తులో కూడా పేచీ లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో టుగేలా జలపాతం ఉంది, అయిదు అంచెలుగా పడుతుంది, దాని లెక్క 948 మీటర్లు. సరిగ్గా కొలిస్తే మాదే పెద్దదని దాని అభిమానులు చాలాకాలంగా టేపులు పట్టుకుని తిరుగుతున్నారు.

ఇక కనుగొన్నవాళ్ల వరస. ఇది రేషన్ షాపు క్యూలా పొడుగ్గానే ఉంటుంది, ఎవరికివారు నేనే ముందంటారు. అందరికంటే ముందు నిలబెట్టేది ఇంగ్లండుకు చెందిన సర్ వాల్టర్ రాలీని. ఎల్ డొరాడో అనే బంగారు నగరం కోసం 1595లో ఆయన ఒరినోకో నది ఎక్కాడు. కరోనీ నది వచ్చి అందులో కలిసేచోటి దాకా పోయాడు. పెద్ద జలపాతం దూకే స్ఫటికపు కొండ ఒకటి దూరాన కనిపించిందని 1596లో అచ్చేసిన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ కొండ ఇదేనని కొందరు చరిత్రకారులు వేలు చూపిస్తారు. ఆయన ఆగిపోయిన చోటుకీ ఆవుయాన్ తెపూయికీ మధ్య వందల కిలోమీటర్ల నది ఉంది. బంగారు నగరం దొరక్కపోగా 1618లో రాలీ తల తెగింది కాబట్టి, ఆయన్ను పిలిచి అడిగే వీల్లేదు.

తర్వాత 1910 ప్రాంతంలో ఎర్నెస్టో సాంచెస్ లా క్రూస్ చూశాడని వెనెజులా వాళ్లు చెబుతారు. కాదు, 1927లో మా ఫెలిక్స్ కార్దోనా, హువాన్ ముందో చూశారని కాటలోనియా వాళ్లంటారు. ఎవరి సాక్షులు వాళ్లకున్నారు. పెమోన్లను సాక్ష్యానికి పిలిచినవాళ్లు తక్కువ. పిలిస్తే అసలు కేసే కొట్టేస్తారని భయం కాబోలు.

అప్పుడొచ్చాడు జిమ్మీ ఏంజెల్. 1899లో అమెరికాలోని మిస్సోరీలో పుట్టాడు, విమానం నడపడం వృత్తి, కథలు చెప్పడం ప్రవృత్తి. కుర్రతనంలో ఒక ముసలి బంగారు వేటగాడు తనను విమానంతో సహా కిరాయికి మాట్లాడుకున్నాడట. ఒక కొండ మీద దించమన్నాడట. అక్కడి వాగులోంచి దోసిళ్లతో బంగారం ఎత్తుకొచ్చారట. ముసలాయన పోయాక ఆ కొండ ఏదో జిమ్మీకి అంతుపట్టలేదట. ఇన్ని ‘అట’ల మీద నిలబడ్డ బంగారం కోసం ఆయన బతుకంతా ఎగిరాడు. 1933 నవంబరులో అలా ఖనిజం వెతుకుతూ ఆవుయాన్ తెపూయి మీదుగా పోతుంటే జలపాతం కంటపడింది. ఆయన దిగులంతా అది నీరై పోయిందే, బంగారం కాలేదే అని.

1937 అక్టోబరు 9న మళ్లీ వచ్చాడు. ఈసారి కొండ మీదే దిగుదామనుకున్నాడు. విమానం ఫ్లమింగో రకం, పేరు ఎల్ రియో కరోనీ. లోపల నలుగురు: జిమ్మీ, భార్య మేరీ, గుస్తావో హెనీ, మిగెల్ డెల్గాడో. విమానం దిగడం బాగానే దిగింది. పైనుంచి పచ్చిక బయలులా కనిపించింది కాస్తా, ఏటా మీటర్ల కొద్దీ వాన తాగి మెత్తబడిన ఊబి అని చక్రాలు తగిలాక తెలిసింది. విమానం ముందుకు కూరుకుపోయి మూతి నేలకు పొడిచింది. మళ్లీ లేవలేదు. చుట్టూ వెతికారు, బంగారం రవ్వంత కూడా లేదు. ఇక చేసేదేముంది, నలుగురూ కాళ్లకు పనిచెప్పారు. పదకొండు రోజులు రాళ్లూ పగుళ్లూ దాటుకుంటూ దిగి, కమరాతా అనే ఊరు చేరారు.

కమరాతా పెమోన్ల ఊరు. అంటే ఎవరికీ తెలియని చోటును కనుగొన్న మనిషి, ప్రాణాలు దక్కించుకోవడానికి పదకొండు రోజులు నడిచి, ఆ చోటు తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాడన్నమాట. ఈ ముక్క గైడు పుస్తకాల్లో ‘సాహసం’ అనే శీర్షిక కింద ఉంటుంది.

విమానం 33 ఏళ్లు కొండ మీదే వానకు తడిసింది. 1970లో దాన్ని హెలికాప్టర్లతో కిందికి దింపి, మరాకాయ్‌లోని విమాన మ్యూజియంలో బాగుచేశారు. తర్వాత సియుదాద్ బొలీవార్ విమానాశ్రయం ముందు నిలబెట్టారు. జలపాతానికి బయల్దేరే యాత్రికులు కొందరు ఎక్కేది ఆ విమానాశ్రయంలోనే. ముందు ఆ పాత విమానానికో ఫొటో తీసుకుని మరీ ఎక్కుతారు. తీసుకెళ్లి దించింది, తిరిగి తీసుకురాలేకపోయింది. ఏ వాహనానికైనా ఇంతకంటే పెద్ద వైఫల్యం ఉండదు. అయినా దానికి విగ్రహ మర్యాద దక్కింది. నది మీద రోజూ మనుషుల్ని జలపాతానికి తీసుకెళ్లి, రోజూ వెనక్కి తెచ్చే పడవల్లో ఒక్కదాన్నీ ఇంతవరకు ఎవరూ దిమ్మె మీదికి ఎక్కించలేదు.

జిమ్మీ ఒక్కణ్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. పేరు ఆయన పెట్టుకున్నది కాదు, ఆయన మీద గౌరవంతో ఇతరులు పెట్టింది. 1956లో ఆయన పనామాలో చనిపోయాడు. 1960 జూలైలో ఆయన చితాభస్మాన్ని విమానంలోంచి జలపాతం మీద చల్లారు. పోయేటప్పుడు కూడా పడవ ఎక్కలేదు.

ఈ బారసాలలు వెనెజులాకే పరిమితం అనుకుంటే పొరపాటు. జార్జి ఎవరెస్ట్ అనే దొర 1818లో హైదరాబాద్ వచ్చి, విలియం లాంబ్టన్ దగ్గర సర్వే పనిలో చేరాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో త్రిభుజాలు కొలుస్తూ తిరిగాడు. మన జ్వరాలు ఆయన్ను ఎంత ఆప్యాయంగా కావలించుకున్నాయంటే, కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాకు ఓడెక్కాల్సి వచ్చింది. హిమాలయాల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఏదో 1852లో లెక్కగట్టి తేల్చింది బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్దార్. 1865లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ దానికి ఎవరెస్ట్ పేరు ఖాయం చేసింది. తన పేరు వద్దని, అక్కడి జనం నోట పలకదని స్వయంగా ఎవరెస్టే మొత్తుకున్నా వినలేదు. ఆ శిఖరాన్ని ఆయన కళ్లారా చూశాడనడానికి కూడా ఆధారం లేదు. జ్వరం తెలంగాణ అడవిది, లెక్క సిక్దార్‌ది, కొండ టిబెట్, నేపాల్‌లది, పేరు దొరది. సొమ్మొకడిది, సోకొకడిది.

మళ్లీ మన జలపాతం దగ్గరికి వద్దాం. జలపాతం మొదట కాలినడకన చేరింది 1946లో, లాత్వియా దేశస్థుడు అలెక్సాండర్స్ లైమే అంటారు. ‘చేరింది’ అంటే, చేరినట్టు కాగితం మీద ఉన్నది. లైమే గట్టి మనిషే. ఏళ్ల తరబడి ఆ అడవుల్లోనే బతికాడు, పెమోన్ల మధ్య అలెహాండ్రోగా కలిసిపోయాడు, ఆవుయాన్ తెపూయి మీదికి దారులు వేశాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆయన చేతికి కూడా పేర్లు పెట్టే దురద వచ్చింది. జలపాతం నీళ్లు పారే నదికి తన పుట్టిన దేశంలోని గౌయా నది పేరు పెట్టాడు. ఆ నదికి అప్పటికే పెమోన్ల పేరు ఉంది. భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, ఎన్నడూ మంచు ఎరగని అడవిలో, శీతాకాలంలో గడ్డకట్టే బాల్టిక్ ప్రాంతపు నది ఒకటి అలా పటంలోకి చొరబడింది.

1949లో అమెరికన్ ఫొటో జర్నలిస్టు రూత్ రాబర్ట్‌సన్ బృందంతో నదిలో ఎదురెక్కి జలపాతం అడుగుకు చేరింది. లైమే కూడా ఆ బృందంలో ఉన్నాడు. ఎత్తు పద్ధతిగా కొలిచారు. ఈనాటికీ పుస్తకాల్లో చెప్పే 979 మీటర్లు ఆ కొలతే. ఆ ఏడాది నవంబరు ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికలో కథనం వచ్చి జలపాతానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. విమానంలోంచి తొంగిచూడటం కంటే ఇది వంద రెట్లు నిజమైన పని. అయినా జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో రూత్‌కు చోటు లేదు. ఆమె పడవలు నడిపి, మూటలు మోసిన పెమోన్ల మాట సరే సరి. వాళ్లు క్యూలో ఎక్కడా లేరు. క్యూను భుజాన మోసుకెళ్తున్నారు.

ఈనాడు కూడా ఏంజెల్ జలపాతానికి రోడ్డు లేదు. చిన్న విమానంలో కనైమా అనే ఊళ్లో దిగాలి, అక్కణ్నుంచి పడవే గతి. ఆ పడవ పేరు కురియారా. తెలుగులో దోనె అనుకోవచ్చు. ఒకే మానును తొలిచి, నిప్పు సెగ చూపించి, మెల్లగా వెడల్పు చేసి తయారుచేస్తారు. అడ్డంగా పలకలు వేసి యాత్రికులను ఇద్దరిద్దర్ని కూర్చోబెడతారు, వెనక మోటారు తగిలిస్తారు. కర్రావ్ నదిలో ఎదురెక్కి, ఒకచోట చురూన్ అనే ఉపనదిలోకి తిరిగి, లోయలోకి పోవాలి. నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. మురికి కాదు, అడవి ఆకులూ వేళ్లూ నానిన రంగు. ప్రయాణం నాలుగు గంటలకు అటూ ఇటూ పడుతుంది. నీళ్లు ఉన్నప్పుడే సుమా. జూన్ నుంచి నవంబరు దాకా పడవల కాలం. వానలు వెనకబడ్డాక నది అడుగంటి, పడవ ఎక్కడికక్కడ రాళ్లకు ఆనుతుంది.

పడవలో చూడాల్సింది ముందు నిలబడ్డ మనిషిని. గోదావరి లాంచీల్లో సరంగు పనితనం చూసినవాళ్లకు ఇతని విలువ చెప్పనక్కర్లేదు. చేతిలో తెడ్డు. కళ్లు నీటి మీద. డికాషన్ నీటి కింద రాయి కనపడదు, పైన నీటి ముడతను బట్టి పోల్చుకోవాలి. చెయ్యి ఎడమకు విసిరితే వెనక మోటారువాడు ఎడమకు తిప్పుతాడు, అరచెయ్యి పైకెత్తితే మోటారును నీట్లోంచి లేపుతాడు. ఇద్దరి మధ్యా మాటలుండవు, మోటారు మోతలో వినపడవు కూడా. రాయి దగ్గరికొస్తే తెడ్డుతో ఒక్క పోటు పొడిచి పడవ ముక్కును పక్కకు నెడతాడు. మయూపా దగ్గర సుడులు ఎక్కువ కాబట్టి యాత్రికులను దించేస్తారు. వాళ్లు గడ్డిలో ఓ అరగంట నడిచి అవతల ఎక్కాలి. పడవ మాత్రం సుడుల్లోంచే పోతుంది, అందులో ఈ ఇద్దరూ ఉంటారు.

ఈ అరగంట నడక తర్వాతే యాత్రికుడిలో అన్వేషకుడు నిద్ర లేస్తాడు. ట్రావెల్ ఏజెన్సీ కరపత్రం అతన్ని ముందునుంచే తయారుచేసి ఉంటుంది. అందులో ఇది విహారయాత్ర కాదు, ‘ఎక్స్‌పెడిషన్’. అడవి ‘మానవ పాదం మోపని’ది. లోయ ‘కాలం మరిచిన’ది. అదే కరపత్రం చివర, మధ్యాహ్న భోజనం, లైఫ్ జాకెట్, రాత్రికి ఊయల పడక ధరలోనే కలిపి ఉన్నాయని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మానవ పాదం మోపని చోట మధ్యాహ్నం భోజనం ఎవరు వండిపెడతారని అడిగినవాడు కనపడడు.

వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగు యూట్యూబ్‌లో ఏ దేశపు అడవి చూపించినా థంబ్‌నెయిల్ మీద ఒకటే అరుపు, ‘ఇక్కడికి ఎవ్వరూ వెళ్లలేదు’ అని. కెమెరా ముందు బ్రదర్ లైఫ్ జాకెట్ సర్దుకుంటూ, తాను ఎంత రిస్క్ తీసుకుంటున్నాడో సబ్‌స్క్రైబర్లకు వివరిస్తుంటాడు. అతని భుజం వెనక, ఫోకస్‌లో లేకుండా, ఆ సీజన్లో రోజూ అదే దారిన పోయొచ్చే మనిషి తెడ్డు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎవ్వరూ వెళ్లని చోటుకు ఎవ్వరూ కానివాడు తీసుకెళ్తున్నాడు కాబట్టి, బ్రదర్ లెక్క తప్పలేదు.

సాయంత్రానికి రాతోన్ దీవి ఒడ్డున దిగి, వేళ్లు పాముల్లా అల్లుకున్న దారిలో గంటసేపు ఎక్కితే జలపాతం ఎదురుగా కనిపించే బండ వస్తుంది. ఆ బండకు లైమే పేరుంది. దిగి వచ్చేసరికి శిబిరంలో కర్రలకు గుచ్చిన కోళ్లు మంట చుట్టూ కాలుతుంటాయి. పక్కన కసావా రొట్టె, కుమాచీ అనే ఎర్రటి పులుసు. పులుసులో మిరపకాయలతోపాటు చెదపురుగులు కూడా వేస్తారు. గుంటూరు నుంచి వచ్చినవాడు కూడా మొదటి ముద్దకు కాస్త ఆగి, నీళ్ల కోసం చూసే సరుకు.

ఆ రొట్టె వెనక ఒక చదువుంది. చేదు కర్రపెండలంలో సైనైడ్ విషం ఉంటుంది. ఆడవాళ్లు దుంపను తురిమి, బద్దలతో అల్లిన సెబుకాన్ అనే పొడవాటి గొట్టంలో కూరి, వేలాడదీసి, కిందికి లాగుతారు. గొట్టం సాగి సన్నబడేకొద్దీ విషపు రసం పిండుకుపోతుంది. మిగిలిన పిండిని పెనం మీద కాలిస్తే రొట్టె. పిండిన రసాన్ని బాగా మరగబెట్టి విషం విరిచేస్తే, అదే పులుసుకు మూలసరుకు. ఏ ప్రయోగశాలా లేని రోజుల్లో దీన్ని ఎవరు కనుగొన్నారో పరీక్షల్లో అడగరు. శిబిరాల్లో సెబుకాన్‌ను గోడకు అలంకారంగా తగిలిస్తారు. చిన్న సైజువి సావనీర్లుగా అమ్ముతారు.

కనుగొనే జబ్బు పైలట్లకూ యాత్రికులకే కాదు, కార్యాలయాలకూ పట్టింది. జలపాతం చుట్టూ 1962లో కనైమా జాతీయ వనం ఏర్పడింది. 1975లో దాన్ని 30,000 చదరపు కిలోమీటర్లకు పెంచారు. పెంచడానికి అడవి మీద మమకారం ఒక్కటే కారణం కాదు. కరోనీ నది మీద గూరి ఆనకట్ట ఉంది, దేశంలో ఎక్కువ భాగం కరెంటు అక్కడిదే, ఆ నీళ్లు పుట్టేది ఈ కొండల్లో. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద ముద్ర కూడా పడింది. ఇన్ని ముద్రలు పడ్డాక తేలిందేమంటే, వనంలో పెమోన్లు ఉన్నారు, పైగా గడ్డికి నిప్పు పెడుతున్నారు!

1980ల నుంచి విద్యుత్ సంస్థ వాళ్లు మంటలార్పే దళాలను దించారు. గడ్డి తగలబెట్టడం పాపమని బడిపిల్లలకు పాఠాలు చెప్పించారు. పిల్లలు ఇంటికొచ్చి తాతలకు బుద్ధి చెప్పడం మొదలెట్టారు. తర్వాత పరిశోధకులు వచ్చారు, పెద్దవాళ్ల పక్కన కూర్చున్నారు, వాళ్లు నిప్పు పెట్టే తీరు చూశారు. ఒకేసారి అంతా కాల్చరు. కొంచెం ఇక్కడ, మరి కొన్నాళ్లకు కొంచెం అక్కడ, చలిమంట వేసుకున్నంత జాగ్రత్తగా కాలుస్తారు. అలా కాలిన ముక్కలే పెద్ద మంట అడవిలోకి పాకకుండా అడ్డుపడతాయి. ఈ సంగతిని పరిశోధకులు కనుగొని అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. తాతలకు ఆ పత్రికలు అందినట్టు లేదు.

ఇక పేరు దిద్దుబాటు ఘట్టం. 2009 డిసెంబరులో అధ్యక్షుడు హ్యూగో చావెస్ తన టీవీ కార్యక్రమంలో కూర్చుని, అమెరికా నుంచి విమానంలో వచ్చినవాడు కనుగొన్నాడంటే అంతకుముందు ఇక్కడ మనుషులే లేనట్టా అని గద్దించాడు. ఇకమీదట పెమోన్ల పేరు కెరెపకుపాయ్ మెరూ అనే పిలవాలన్నాడు. మాట న్యాయమైనదే, ఎవరూ కాదనలేరు. పేరు మార్చడం ఖర్చు లేని న్యాయం కూడాను. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకాలకూ యూనివర్సిటీలకూ బోర్డులు మారడం చూసి చూసి తలపండిన తెలుగు పాఠకుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అధికారికంగా ఉత్తర్వేమీ ఇవ్వడం లేదని, ఆ పేరు వాడకాన్ని సమర్థిస్తున్నానంతేనని చావెస్సే తర్వాత సర్దాడు. యాత్రికులు ఏంజెల్ అనే అంటున్నారు, విమానం విమానాశ్రయం ముందే ఉంది. అదే ఏడాది వచ్చిన ‘అప్’ అనే యానిమేషన్ సినిమా అచ్చం ఇలాంటి కొండనూ జలపాతాన్నే గీసి చూపించి, దానికి మూడో పేరు ఒకటి తగిలించింది. ఆ సినిమాలో కూడా తాతగారు ఇంటికి బెలూన్లు కట్టుకుని గాల్లోంచే వస్తాడు.

పేరు తిరిగిచ్చిన ప్రభుత్వం తర్వాత ఏమిచ్చిందో కూడా చెప్పుకోవాలి. చావెస్ పోయాక నికొలాస్ మదురో గద్దెనెక్కాడు. 2016 ఫిబ్రవరిలో ఒరినోకో మైనింగ్ ఆర్క్ పేరిట 1,11,800 చదరపు కిలోమీటర్లను ఖనిజాల తవ్వకానికి తెరిచాడు. దేశంలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. కనైమా వనం ఆ గీతకు బయటే ఉంది. బంగారం తవ్వేవాళ్లకు పటాలు చదివే అలవాటు లేదు. వనం అంచుల్లోనూ లోపలా తవ్వకాలు మొదలయ్యాయి. మట్టిలోంచి బంగారు రేణువులను విడదీయడానికి పాదరసం వాడతారు, అది మెల్లగా వాగుల్లోకి, వాగుల్లోంచి చేపల్లోకి చేరుతుంది.

పెమోన్లంతా దీనికి ఎదురు నిలిచారని రాస్తే కథ అందంగా ఉంటుంది కానీ నిజం కాదు. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, నోట్లకు విలువ పోయి, యాత్రికులు రావడం తగ్గిపోయిన ఏళ్లలో పడవలవాళ్లు, శిబిరాల్లో వండేవాళ్లు ఏం తిని బతకాలి? కొందరు గనుల బాట పట్టారు. ఏంజెల్ నుంచి డాలర్లు రాలినన్నాళ్లు పడవ నడిపిన చేతులే పారలు పట్టాయి. 2018 డిసెంబరులో కనైమా దగ్గర కర్రావ్ నది ఒడ్డున భద్రతా దళం కాల్పుల్లో ఒక పెమోన్ యువకుడు చనిపోయాడు. అక్రమ గని మీద దాడి అని ప్రభుత్వం అంది, మా నేల మీదికి మీరెందుకొచ్చారని పెమోన్లు అడిగారు. జలపాతం చూడవచ్చిన వాళ్లు కొందరు ఆ రోజుల్లో కనైమాలోనే చిక్కుకుపోయారు.

రాలీ 1595లో దేనికోసం ఒరినోకో ఎక్కాడో, జిమ్మీ 1937లో దేనికోసం విమానాన్ని ఊబిలో దింపాడో, ఆ బంగారం ఇన్నాళ్లకు ఆ చుట్టుపక్కలే దొరుకుతోంది. విమానాలు మళ్లీ దిగుతున్నాయి, చీకటి పడ్డాక, అడవిలో చదునుచేసిన మట్టి దారుల మీద. వాటిని ఎవరు నడుపుతున్నారో, సరుకు ఎవరి ఇంటికి చేరుతోందో అడిగితే, కనుగొన్నది నేనేనని ఈసారి ఒక్కడూ ముందుకు రావడం లేదు.